తననానాలో తెలుగు

ముందు ట్యూన్, తర్వాత మాట. సినిమా పాటకి ఇప్పుడు ఇదే రివాజు. దీర్ఘం ఎక్కడ పడాలి, మాట ఎక్కడ విరగాలి, అర్థం ఎక్కడ జారిపోతుంది? మీటర్‌కి రాయడం అనే పనిలోని కష్టసుఖాలు ఈ వారం ముఖచిత్ర కథనంలో...

వాట్సాప్‌లో ఓ ఆడియో వస్తుంది. అందులో సంగీత దర్శకుడి గొంతు, వెనక కీబోర్డు, టిక్కు టిక్కుమంటూ తాళం. మాటలుండవు. 'తననానా' అనో 'లలలా' అనో ఏ భాషకీ చెందని శబ్దాలుంటాయి. దాంతోపాటు సందర్భం గురించి నాలుగు ముక్కలు: హీరో ఊరు వదిలి వెళ్తున్నాడు, బస్సు కిటికీ, కాస్త బాధ ఉండాలి, అలాగని ఏడుపు వద్దు, హుక్ లైన్ జనం నోట్లో నానాలి. పాట ఎల్లుండికి కావాలి.

పాటల రచయిత పని ఇక్కడ మొదలవుతుంది. అతను ఆ ముక్కని పదిసార్లు వింటాడు, చేత్తో తొడ మీద తాళం వేసుకుంటాడు, కాగితం మీద మాటలు కాకుండా ముందు గీతలు గీసుకుంటాడు. పొడుగ్గీత అంటే దీర్ఘం, పొట్టిగీత అంటే హ్రస్వం. పదో తరగతిలో మార్కుల కోసం గణవిభజన చేసి, పరీక్ష హాల్లోనే వదిలేసి వచ్చిన గురులఘువులు ఈ ఒక్క వృత్తిలో మాత్రం ఇంకా కూడు పెడుతున్నాయి.

ప్రపంచంలో ఎవరు చేసినా ఈ పని ఇలాగే ఉంటుంది. ఇంగ్లిషు పాటగాడు పాల్ మెకార్ట్నీకి 'యెస్టర్‌డే' బాణీ తట్టినప్పుడు మాటలు తట్టలేదు. 'స్క్రాంబుల్డ్ ఎగ్స్' అని, అంటే మన కోడిగుడ్డు పొరటు అని, తాత్కాలికంగా పాడుకున్నాడు. 1965లో ఆ పాట బయటికొచ్చేసరికి గుడ్లు పోయి గుండెకోత వచ్చింది. అయితే ఇంగ్లిషు కవి చూసుకోవాల్సింది ముఖ్యంగా ఊనిక ఏ అక్షరం మీద పడుతోందన్నది. తెలుగు కవికి ఊనిక కన్నా కాలం ముఖ్యం. అక్షరం ఎంతసేపు పలుకుతామన్నదాన్ని బట్టి మన దగ్గర మాటే మారిపోతుంది.

'నది' కాస్తా 'నాది' అయితే

ట్యూన్‌లో పది స్వరాలుంటే పది అక్షరాలు వేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. సరిపోదు. 'నది' అన్న మాట తీసుకోండి. మొదటి స్వరం మీద ట్యూన్ ఆగిందనుకుందాం. గాయని 'నా...ది' అని సాగదీయక తప్పదు. రచయిత గోదావరి గురించి రాశాడు, వినేవాడికి ఆస్తి తగాదా వినిపిస్తుంది. 'కలం' లాగితే 'కాలం', 'పదం' లాగితే 'పాదం', 'గది' లాగితే 'గాది'. ద్విత్వాల దగ్గర ఇంకా ప్రమాదం. తాళం దెబ్బ సరిగ్గా అక్షరం మీద పడి గొంతు నొక్కితే 'గుడి' వెళ్ళి 'గుడ్డి' అవుతుంది, 'కల' వెళ్ళి 'కల్ల' అవుతుంది.

దీనికి తలకిందులు తప్పు కూడా ఉంది. మన బస్సు పాటలో 'ఊరి దారి' అని రాశామనుకోండి. ట్యూన్‌లో మొదటి స్వరం పొట్టిదైతే అది 'ఉరి దారి' అయి కూర్చుంటుంది. ఊరు విడిచి వెళ్ళే కుర్రాడికి ఇంతకన్నా అపశకునం ఉండదు.

విరుపు సంగతి మరో రకం. 'వాన రాని ఊరు' అని కరువు మీద రాసిన మాట ట్యూన్‌లో మూడో అక్షరం తర్వాత ఆగితే 'వానరా... ని ఊరు' అని వినపడుతుంది. కరువు పోయి కోతులొస్తాయి. మాత్రలు సరిగ్గానే ఉన్నాయి, లెక్కలో తప్పేమీ లేదు, తప్పంతా ఊపిరి తీసుకున్న చోట ఉంది. సినిమావాళ్ళు 'మీటర్లో పడింది' అంటే మాత్రలు సరిపోయాయని మాత్రమే అర్థం. 'పాటలో పడింది' అనాలంటే విరుపు కూడా కలవాలి.

తెలుగు చెవికి కొన్ని మన్నింపులున్నాయి. మాట చివరి అక్షరాన్ని ఎంత లాగినా ఏమీ అనుకోదు. పిలుపులోనూ ప్రశ్నలోనూ మనం రోజూ లాగేది దాన్నే కదా. మొదటి అక్షరాన్ని లాగితే మాత్రం ఊరుకోదు. నడక నెమ్మదిగా ఉండి, రాగం ఆ అక్షరం మీద అల్లుకుంటూ పోతే కొంత సర్దుకుంటుంది. హుషారు పాటలో అదే సాగదీత పరాయి యాసలా వినిపిస్తుంది.

సర్దుబాటుకి హద్దే లేని చోటు కర్ణాటక సంగీతంలో వర్ణం. మూడు నాలుగు పాదాల సాహిత్యం నిమిషాల తరబడి సాగుతుంది. ఒక్కో అక్షరం ఎన్నో స్వరాల మీదుగా ప్రయాణిస్తుంది. పిల్లలకి ముందు స్వరం నేర్పి, తర్వాత అదే వరస మీద సాహిత్యం నేర్పుతారు. చెన్నైలోనో అమెరికాలోనో వర్ణం నేర్చుకునే పిల్లలు పాడుతున్నది తెలుగని తెలియకుండానే పాడేస్తుంటారు. వర్ణం సాధన కోసం పుట్టింది కాబట్టి అక్కడ అది నేరం కాదు. సినిమా పాటకి ఆ వెసులుబాటు లేదు. టిక్కెట్టు కొన్నవాడికి మాట తెలియాలి.

ఒక బాణీ, రెండు పాదాలు

కబుర్లు ఎన్ని చెప్పినా చేసి చూస్తేనే తెలుస్తుంది. చిన్న బాణీ ఒకటి అనుకుందాం: 'తానన తానన తానన తా'. నాలుగేసి మాత్రల చతురస్ర నడక, చివర ఒక దీర్ఘం. ఛందస్సు భాషలో 'తానన' అంటే భగణం, ఒక గురువు, రెండు లఘువులు.

మనసులో మాట మామూలు తెలుగులో ఇలా వస్తుంది: మా ఊరు వదిలేసి వచ్చాను. మొదటి అడుగులోనే తడబాటు. ట్యూన్ ఒక గురువు తర్వాత రెండు లఘువులు అడుగుతుంటే మనం 'మా', 'ఊ' అని రెండు గురువులు పెట్టాం. సరే, కూర్చుని కొలతకి కోసి రాద్దాం:

ఊరిని వీడిన వేళను నే
నీడను వాకిట ఉంచితినే

మాత్రకి మాత్ర సరిపోయింది. మనిషి వెళ్ళినా నీడని వాకిట్లోనే వదిలి వెళ్ళాడన్న ఊహ కూడా పర్వాలేదు. కానీ పాట? నిలబడదు. 'వేళను'లో ఆ 'ను' ఎందుకొచ్చింది? ఒక మాత్ర తక్కువై. 'నే' ఎందుకు? 'నేను' పట్టక. ఇక 'ఉంచితిని' అని బస్సెక్కే కుర్రాడెవడూ అనడు, 'ఉంచేశాను' అంటాడు. అందులో మూడు గురువుల మీద ఒక లఘువు. ఈ ట్యూన్ గుమ్మంలోంచి అది దూరదు.

ఇక్కడే తెలుగు పాట అసలు చిక్కు ఒకటి బయటపడుతుంది. మనం మాట్లాడే క్రియలు చూడండి: వచ్చాను, వెళ్ళాడు, చూశాను, చెప్పాడు, ఉన్నాను. అన్నీ గురువు, గురువు, లఘువు. అన్నీ తగణమే. వ్యావహారిక భాష వచ్చాక క్రియ నడిబొడ్డులో దీర్ఘం వచ్చి కూర్చుంది. పాత 'చేసితిని'లో తొలి అక్షరం తప్ప మిగతావన్నీ లఘువులు, గబగబా పరిగెత్తేది. నెమ్మదిగా నడిచే బాణీలో 'వచ్చాను' దర్జాగా ఇముడుతుంది. వేగంగా దూకే బాణీలో ఇమడదు. అదే క్రియని విశేషణం చేసి చూడండి: వచ్చిన, వెళ్ళిన, చూసిన, చెప్పిన. అన్నీ భగణమే, చకచకా నడిచేవే. మన హుషారు పాటల్లో వాక్యాలు పూర్తికాకుండా 'చూసిన', 'దాచిన', 'వేసిన' అంటూ వేలాడుతుంటాయి, ఎవరు ఏం చేశారో చివరిదాకా తెలియదు. ఆ తప్పు కొంత కవిది, కొంత వ్యాకరణానిది.

మన రెండు పాదాల సంగతి తేల్చేద్దాం. సంగీత దర్శకుణ్ణి బతిమాలి చివర ఒక్క స్వరం అడిగామనుకోండి. 'తానన తానన తానన తానా'. అప్పుడు ఇలా రాయొచ్చు:

కాళ్ళకి అందక జారిన దారే
నీడని వాకిట ఆపిన ఊరే

'ను' పోయింది, 'నే' పోయింది, 'ఉంచితిని' పోయింది. విశేషణాలే ఉన్నా ఇక్కడవి దారిని, ఊరిని పట్టుకుని నిలబడ్డాయి. గొప్ప కవిత్వమని అనను గానీ మనిషి నోట్లోంచి వచ్చే మాటలా ఉంది. ఇంతకీ దాన్ని నిలబెట్టింది కవి ప్రతిభ కాదు, ఇచ్చిన ఆ ఒక్క స్వరం. బాణీ కట్టినవాడికీ రాసేవాడికీ మధ్య బేరం కుదిరితే పాట ఇలా బాగుపడుతుంది.

ఎవరు ముందు?

13వ శతాబ్దిలో 'సంగీత రత్నాకరం' రాసిన శార్ఙ్గదేవుడు పాటని రెండు భాగాలు చేశాడు. బాణీ ధాతువు, మాట మాతువు. రెండూ తానే చేసేవాడు వాగ్గేయకారుడు. వాగ్గేయకారుల్లో ఎక్కువ తక్కువలు లెక్కపెట్టాక, ఎవరో కట్టిన ధాతువుకి మాతువు చేర్చేవాణ్ణి చివర్న కూర్చోబెట్టి 'కుట్టికారుడు' అన్నాడు. మన సినిమా కవులందరూ ఆయన లెక్కలో కుట్టికారులే.

ఆ చిన్నచూపు నేటికీ పోలేదు. ఉర్దూ కవి కైఫీ ఆజ్మీ ఈ పనిని ముందు గొయ్యి తవ్వి, తర్వాత దానికి సరిపడే శవాన్ని వెతకడంతో పోల్చారని చెబుతారు. మాట ముందుండాలి, సంగీతం దాని వెంట నడవాలి అన్న వాదం మన దగ్గరా గట్టిగానే ఉంది. దానికి పెద్ద సాక్షి కె.వి.మహదేవన్. పాట రాసి చేతికిస్తే దాన్ని చదివించుకుని, అందులోంచే వరస తీసేవారు. ఆయన మాతృభాష తెలుగు కాదు. పక్కన సహాయకుడు పుహళేంది ఉండేవారు, మాటల అర్థం, ఉచ్చారణ, విరుపు చూసుకునేవారు. 'మూగమనసులు' (1964) నుంచి 'శంకరాభరణం' (1980) దాకా, 'సిరివెన్నెల' (1986) దాకా ఆ పాటల్లో మాట నలిగిన చోటు వెతికినా దొరకదు. ఆత్రేయ లాంటి కవికి ఆ పద్ధతి బాగా నప్పింది. పాట రాయక నిర్మాతల్నీ, రాసి ప్రేక్షకుల్నీ ఏడిపిస్తారని ఆయన మీద చమత్కారం. ఆత్రేయ పాట మాట్లాడుతున్నట్టే ఉంటుంది. ఆ మాట ధోరణిని పట్టుకుని వరస కట్టగల సంగీత దర్శకుడు దొరకడం ఆయన అదృష్టం, మన అదృష్టం కూడా.

అయినా ట్యూన్‌కి రాయడం తక్కువ పని అన్న మాట నేను ఒప్పుకోను. కవి ముందు రాస్తే ఏమవుతుందో చూడండి. అతని చెయ్యి తనకి అలవాటైన నడకలోనే పోతుంది. గురజాడ ముత్యాలసరమో, వృషభగతి రగడ లాంటి మూడు నాలుగుల మిశ్ర నడకో, కాకపోతే నాలుగు నాలుగుల చతురస్రమో. సంగీత దర్శకుడు కూడా ఆ గాడిలోనే పోతాడు. ట్యూన్ ముందు వస్తే కవి ఎన్నడూ పోని చోటికి పోవాల్సి వస్తుంది. ఇళయరాజా బాణీల్లో వాక్యం తాళం గీతని దాటి పక్క ఆవర్తంలోకి వెళ్ళిపోతుంది. ఒక పాదం పొడుగు, ఒక పాదం పొట్టి. కాగితం ముందు కూర్చున్న ఏ కవీ తనంతట తాను అలాంటి కొలత ఎంచుకోడు. 'సాగరసంగమం' (1983) పాటల్లో వేటూరి ఆ కొలతల్లోనే సంస్కృత సమాసాన్నీ జాను తెలుగునీ పక్కపక్కన కూర్చోబెట్టారు. 'రుద్రవీణ' (1988)లో కవి సిరివెన్నెల అదే ఇళయరాజా బాణీల్లో ఏకంగా సమాజాన్ని నిలదీశారు. ఆ పాటలు ట్యూన్‌కి రాసినవని చెబితే గానీ తెలియదు. కుట్టికారుడికి అంతకన్నా పెద్ద బిరుదు ఏముంటుంది?

ఇదేమీ సినిమా తెచ్చిన వింత కూడా కాదు. ముత్తుస్వామి దీక్షితులు ఈస్టిండియా కంపెనీ బ్యాండు మేళాలు వాయించే పాశ్చాత్య వరసలు విని, వాటికి సంస్కృతంలో సాహిత్యం కూర్చారు. నోట్టుస్వర సాహిత్యాలని పిల్లలకి ఇప్పటికీ నేర్పుతారు. అందులో ఒకటి బ్రిటిష్ రాజుకి పాడే జాతీయ గీతం వరసలోనే నడుస్తుంది. రాజు పోయి అమ్మవారొచ్చింది, వరస మాత్రం అలాగే ఉంది.

అన్నమయ్య విషయంలో కథ అడ్డం తిరిగింది. తిరుమల సంకీర్తన భాండాగారంలో రాగిరేకుల మీద మాటలు మిగిలాయి, రాగాల పేర్లు మిగిలాయి, వరసలు మిగల్లేదు. 15వ శతాబ్దిలో ఆయన ఎలా పాడారో చెప్పేవాళ్ళు లేరు. 20వ శతాబ్దిలో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ వంటివారు ఆ మాటల్ని చదివి చదివి వరసలు కట్టారు. ఇవాళ మనం అన్నమయ్య పాటగా పాడుకునేవాటిలో బాణీలు చాలావరకు మన కాలంవే. అవి అంత సహజంగా ఎందుకున్నాయంటే, వరస కట్టినవాళ్ళకి ఆ తెలుగు బాగా తెలుసు.

పెదాలు కూడా కలవాలి

ట్యూన్‌కి రాయడం కష్టమైతే, ట్యూన్‌తోపాటు ముందే చిత్రీకరించిన నోటికి కూడా రాయడం ఇంకా కష్టం. డబ్బింగ్ పాట అదే. 1950లో 'ఆహుతి' హిందీ నుంచి తెలుగులోకి వచ్చినప్పుడు మాటలు, పాటలు రాసింది శ్రీశ్రీ. 'మహాప్రస్థానం' కవి హిందీ నటుల పెదాలు చూస్తూ తెలుగు మాటలు ఏరుకున్నాడన్నమాట.

ప, ఫ, బ, భ, మ పలకాలంటే పెదాలు కలవాలి. తెర మీద క్లోజప్‌లో హీరో పెదాలు మూసుకున్న చోట తెలుగులోనూ ఈ అక్షరాల్లో ఒకటి పడాలి. నోరు తెరిచి పొడుగ్గా 'ఆ' అన్న చోట మనకీ 'ఆ' కావాలి. మాత్రలు, విరుపు, పెదాలు, వీటన్నిటి మీదా అర్థం. లాంగ్ షాట్ వస్తే డబ్బింగ్ కవి దేవుడికి దండం పెట్టుకుంటాడు.

తమిళ పాట తెలుగు చేయడంలో ఇంకో ఇబ్బంది ఉంది. చాలా తమిళ మాటలు హల్లుతో ఆగుతాయి, మనవి అచ్చుతో ముగుస్తాయి. వాళ్ళ 'నాన్' ఒక్క దెబ్బలో అయిపోతుంది. మన 'నేను'కి రెండు అక్షరాలు కావాలి. ఆ రెండో అక్షరానికి ట్యూన్‌లో చోటుండదు. డబ్బింగ్ పాటల్లో 'నేను' తోక తెగి 'నే'గా మిగిలిపోవడానికి, 'నీ', 'నా' కుప్పలుగా పడటానికి కారణమిదే. అక్కణ్ణుంచి ఆ అలవాటు నేరుగా తెలుగులో రాసిన పాటల్లోకి కూడా పాకింది. 'రోజా' (1992) తెలుగు పాటలు రాజశ్రీ రాశారు, 'బొంబాయి' (1995) పాటలు వేటూరి రాశారు. రెండింటిలో రెహమాన్ బాణీలు తమిళం నోటికి పుట్టినవి. అయినా అవి తెలుగు పెళ్ళి మండపాల్లో ఇన్నేళ్ళు మోగాయంటే ఆ కవులు ఎంత ఒడుపుగా దూరారో ఆలోచించండి. డబ్బింగ్ కవి అంటే ఇప్పటికీ పరిశ్రమలో ఒక మెట్టు కిందే లెక్క. అది అన్యాయం.

ఈమధ్య గాలి తిరిగింది. 'పుష్ప' (2021)లో చంద్రబోస్ తెలుగు మాటలతో దేవిశ్రీప్రసాద్ చేసిన పాటలు తమిళం, హిందీ, కన్నడం, మలయాళంలోకి వెళ్ళాయి. మన అచ్చుల తోకల్ని ఎలా సర్దాలన్న తలనొప్పి ఇప్పుడు వాళ్ళది.

చర్చి, బతుకమ్మ

అక్షరాల లెక్కకీ మాత్రల లెక్కకీ జరిగిన గొడవ చూడాలంటే తెలుగు చర్చికి వెళ్ళాలి. 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకంలో రెండు రకాలున్నాయి. ఇంగ్లిషు కీర్తనల్ని అనువదించి ఆ పాశ్చాత్య వరసల్లోనే పాడేవి కొన్ని. ఆ వరసలు పాదానికి ఎనిమిది అక్షరాలు, ఆరు అక్షరాలు అంటూ అక్షరాల్నే లెక్కపెడతాయి, పైగా చాలావాటిలో తొలి అక్షరం తేలిగ్గా, రెండోది బరువుగా పడుతుంది. తెలుగు మాటలో బరువు మొదట్లోనే ఉంటుంది కాబట్టి పాడుతుంటే మాట కుంటుతుంది. రెండో రకం 19వ శతాబ్దిలో పురుషోత్తమ చౌధరి వంటివారు మన రాగతాళాల్లోనే రాసుకున్న కీర్తనలు. అవి పుస్తకం చూడకుండా జనం నోటికి ఎందుకొచ్చాయో వేరే చెప్పక్కర్లేదు.

జానపదం అసలు ఈ తంటానే పెట్టుకోలేదు. బతుకమ్మ చుట్టూ పాడే ఆడవాళ్ళకి కథ ఏదైనా ఒకటే, మాట తక్కువైతే 'ఉయ్యాలో' వచ్చి నింపుతుంది. ఎక్కువైతే గబగబా అనేసి 'ఉయ్యాలో' దగ్గర ఊపిరి తీసుకుంటారు. వంత అనేది మీటర్ సమస్యకి పల్లె కనిపెట్టిన మందు. రాముడి కథకి పాడిన వరసలోనే కూలి రేట్ల గురించీ పాడొచ్చు. ఉద్యమాల్లో వంగపండు, గద్దర్ పాటలు అంత వేగంగా ఊళ్ళు దాటడానికి వాటి వరసలు అప్పటికే జనం చెవుల్లో ఉండటం ఒక కారణం. అక్కడ ట్యూన్ ముందా, మాట ముందా అని ఎవరూ అడగలేదు.

గొంతు అడిగే అచ్చు

కాగితం మీద అంతా కుదిరి, స్టూడియోలో మైకు ముందు చెడిపోయే పాటలున్నాయి. స్థాయి పెరిగేకొద్దీ గొంతు నోరు తెరవమంటుంది. పై షడ్జమం దాటాక 'ఈ', 'ఊ' నిలబెట్టి పాడటం గాయనీగాయకులకి కష్టం. ఏ అచ్చయినా అక్కడ 'ఆ' వైపు జారుతుంది. మన మాటలు చూస్తే చాలావరకు డు, ము, వు, లు అంటూ నోరు ముడుచుకుని ముగుస్తాయి. అందుకే అనుభవమున్న రచయిత ఎత్తులో ఉన్న స్వరానికి ముందే 'ఆ' ఉన్న మాట తెచ్చి పెడతాడు. తెలుగు పాటల్లో పాదాలన్నీ 'లా', 'గా', 'నా', 'వా', 'రా' అంటూ ముగుస్తుండటం ఉత్త అంత్యప్రాస పిచ్చి కాదు, గొంతు అడిగిన కూలి. అడగని చోట కూడా 'లే' వేసేవాళ్ళున్నారు, వాళ్ళ సంగతి వేరు.

గాయకుడికీ బాధ్యత ఉంది. ఘంటసాల, సుశీల పాటలు వింటే ఒత్తులు కూడా లెక్కపెట్టుకోవచ్చు. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం 'పాడుతా తీయగా'లో పిల్లలకి సంగతుల కన్నా ఎక్కువగా శ, ష, స తేడాలు, విరుపులు, మాట అర్థం చెప్పేవారు. అర్థం తెలిసినవాడు మాటని తప్పు చోట విరవడు, 'వానరా' దగ్గర ఊపిరి తీసుకోడు. తెలుగు రాని గాయకుల్ని పిలిచి పాడించడం నాకు తప్పుగా తోచదు, చక్కగా పాడినవాళ్ళు చాలామంది. ఇంగ్లిషు లిపిలో రాసిచ్చిన కాగితం చేతిలో పెట్టి, పక్కన తెలుగు చెప్పే మనిషి లేకుండా పాడించడం తప్పు. ఆ లిపిలో 'నది', 'నాది' రెండూ ఒక్కలాగే ఉంటాయి.

సగం రోజు, ఏడాదిన్నర

2023 మార్చిలో ఆస్కార్ అందుకున్న 'నాటు నాటు' ట్యూన్ సంగతి తెలిసినవారికి ఓ మంచి పాఠం. పాట 6/8 నడకలో ఉంటుంది, అంటే మన తిస్రగతి. 'నాటు' అన్న మాటని తూచి చూడండి: గురువు, లఘువు, మొత్తం మూడు మాత్రలు. రెండుసార్లు అంటే ఆరు. ఆ మాటకి ఆ నడక, ఆ నడకకి ఆ మాట. అర్థం తెలియని లాస్ ఏంజిలిస్ జనం కాళ్ళు కదిపారంటే అందులో ఈ లెక్క పాలు కూడా ఉంది.

పాట తొంభై శాతం సగం రోజులో అయిపోయిందని, మిగిలిన పది శాతానికి ఏడాదిన్నర పైనే పట్టిందని దాన్ని రాసిన చంద్రబోస్ ఇంటర్వ్యూల్లో చెప్పారు. వినడానికి వింతగా ఉంటుంది గానీ, ఈ పని తెలిసినవాళ్ళకి వింత కాదు. మీటర్లో పడటం సగం రోజు పని. 'వేళను'లో ఆ 'ను' తీసేయడం, 'ఉంచితిని' బదులు మనిషి మాట వెతకడం, ఆ మాటకి స్వరం ఒప్పించడం, అదీ ఆ మిగిలిన పది శాతం. పెద్ద సినిమా కాబట్టి ఏడాదిన్నర ఇచ్చారు. అందరికీ అంత ఇవ్వమని ఎవరూ అడగరు. కానీ ఎల్లుండికి కావాలంటే మీటర్లో పడిన పాటే వస్తుంది.

చట్టం ఈపాటికే కుట్టికారుణ్ణి పైకి కూర్చోబెట్టింది. 2012 కాపీరైటు సవరణ తర్వాత పాట రాసినవారి రాయల్టీ హక్కుని కాంట్రాక్టులో సంతకం పెట్టించుకుని లాక్కోవడం కుదరదు, బాణీ కట్టినవారితో పాటు వారికీ ఆ వాటా ఉంది. పరిశ్రమ ఇంకా ఆ మెట్టు ఎక్కలేదు. యాప్‌లలో పాట తెరిస్తే గాయకుడి పేరు కనిపిస్తుంది, సంగీత దర్శకుడి పేరు కనిపిస్తుంది. రాసినవారి పేరు చాలాసార్లు వెతుక్కోవాలి.

చెడ్డ పాట వినపడగానే 'ట్యూన్‌కి రాస్తే ఇంతే' అని కొట్టిపారేయడం మనకి అలవాటైపోయింది. ఇంతే కాదు. ట్యూన్‌కి రాసిన పాటల్లోనే మన గొప్ప పాటలు సగం ఉన్నాయి. పాట చెడేది ఒక స్వరం కూడా మార్చనని పట్టుబట్టిన చోట, తెలుగు తెలిసినవాడు గదిలో లేని చోట, తీరిక ఇవ్వని చోట. సంగీత దర్శకులకి ఒక మనవి: ఆడియోతోపాటు ఓ వారం గడువు, ఒకటి రెండు స్వరాల వెసులుబాటు కూడా పంపండి. వినేవారికి కూడా ఒకటి. ఈసారి కొత్త పాటలో ఏదో మాట చెవికి అడ్డం పడితే, గాయకుణ్ణి తిట్టే ముందు ఆ మాటని ఇంట్లో మాట్లాడినట్టు ఓసారి పైకి అనండి, తర్వాత పాటలో ఉన్నట్టు అనండి. దీర్ఘం ఎక్కడ జరిగిందో, విరుపు ఎక్కడ తప్పిందో మీకే తెలుస్తుంది. అప్పుడు తిట్టండి, సరైనవాణ్ణి తిట్టినట్టుంటుంది.